పడ్డది మనిషి, చూసుకునేది సైకిల్‌ని

మలుపులో ఇసుక మీద ముందు చక్రం జారి పడిపోయిన సైకిలిస్టు ఆ తర్వాతి అర నిమిషంలో ఏం చేస్తాడో గమనిస్తే ఒక విచిత్రమైన వరుస కనిపిస్తుంది. లేస్తాడు, సైకిల్‌ను లేపుతాడు, ముందు చక్రాన్ని కాస్త పైకెత్తి ఒకసారి తిప్పి చూస్తాడు, బ్రేక్ లివర్ మీది రబ్బరు తొడుగు చిరిగిన చోట బొటనవేలితో తడుముతాడు, గేరు మార్చే డెరైలర్ వంగిందేమోనని వెనక చక్రం వైపు వంగి చూస్తాడు. మోకాలు దోక్కుపోయిందనీ, నెత్తురు సాక్సు దాకా కారిందనీ పక్కనున్నవాళ్లు చెబితే తప్ప అతనికి తెలియదు. చెప్పిన తర్వాత కూడా ఒకసారి కిందికి చూసి, మళ్లీ డెరైలర్ దగ్గరికే వెళ్తాడు.

దీన్ని వస్తువు మీది పిచ్చి మోజుగా కొట్టిపారేయడం తేలికే కానీ, ఈ వరుసకు కారణాలు లేకపోలేదు. పడిన వెంటనే ఒంట్లో ఎగసే అడ్రినలిన్ కాసేపు నొప్పిని కప్పిపెడుతుంది. శరీరం ఇంకా ఏ కబురూ పంపని ఆ క్షణంలో కంటికి కనబడే నష్టం సైకిల్‌దే. మిగిలిన దూరం ఇంటికి చేర్చాల్సిందీ అదే. వీటికి తోడు చాలామంది సైకిలిస్టులు పైకి అనకపోయినా లోపల వేసుకునే లెక్క ఒకటుంది: చర్మం మళ్లీ వస్తుంది, పెయింటు రాదు. కొద్ది రోజుల్లో పక్కు కట్టి రాలిపోయే గాయం కంటే, రోజూ కళ్లెదుట అలాగే ఉండిపోయే గీతే పెద్ద నష్టంగా తోస్తుంది. చర్మం వరకు ఆ లెక్క సరైనదే. అయితే అందులో మెడ కింది ఎముకా లేదు, తలా లేదు. సైకిల్ మీంచి పడ్డవారిలో తరచుగా విరిగేది ఆ మెడ కింది ఎముకే. తలకు దెబ్బ తగిలినవాడు మామూలుగా మాట్లాడుతూ, తన సైకిల్ గురించి సరైన ప్రశ్నలే వేస్తూ కూడా మెదడు అదురు (కన్‌కషన్) బారిన పడి ఉండవచ్చు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2021 నుంచి పోటీల్లో ఇలాంటి దెబ్బలను గుర్తించడానికి ప్రత్యేక విధానాన్ని అమల్లోకి తెచ్చింది. పడ్డవాడు ‘నాకేం కాలేదు’ అన్నంత మాత్రాన నమ్మి వదిలేయకూడదన్న ఎరుక అందులో ఉంది.

గీత పడితే మనసు ఎందుకు అంతగా చివుక్కుమంటుంది అన్న ప్రశ్నకు సగం జవాబు సైకిల్ తొక్కే తీరులోనే ఉంది. కొన్ని నెలలు ఒకే సైకిల్ తొక్కినవాడికి చక్రం కింద రాయి తగిలితే హ్యాండిల్ అదిరినట్టు కాక, తన అరచేతికే ఏదో తగిలినట్టు అనిపిస్తుంది. ఇరుకు సందులో హ్యాండిల్ పడుతుందో లేదో కొలిచి చూడనక్కర్లేకుండా తెలిసిపోతుంది, భుజాలు పడతాయో లేదో తెలిసినట్టే. శరీరం తన హద్దును తోలు దగ్గర కాక టైరు దగ్గర గీసుకుంటుంది. వినియోగదారుల ప్రవర్తనను అధ్యయనం చేసిన రస్సెల్ బెల్క్ 1988లో రాసిన వ్యాసంలో, మనుషులు తమ వస్తువులను తమలో ఒక భాగంగానే చూసుకుంటారనీ, అవి పోతే తాము కొంత తరిగిపోయినట్టు భావిస్తారనీ వాదించాడు. సైకిల్ విషయంలో అది ఉత్త అలంకారం కాదు. కారు లోపల కూర్చుంటాం, సైకిల్‌కు మాత్రం అరచేతులూ పాదాలూ పిరుదులూ ఆనించి, దాని బరువునూ మన బరువునూ కలిపి ఒకే తూకంగా నిలబెడతాం.

మిగతా సగం లెక్కలకు సంబంధించినది. లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం ఇచ్చే బాధ పెద్దదని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్స్కీ 1979లో ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతంలోనే అంతగా ప్రచారం కాని మరో మాట ఉంది: నష్టం పెరిగేకొద్దీ అదనంగా వచ్చిపడే ప్రతి నష్టమూ మునుపటంత నొప్పించదు. ఏమీ లేని చోటి నుంచి ఒకటికి పోవడం గుచ్చుకున్నంతగా, పది నుంచి పదకొండుకు పోవడం గుచ్చుకోదు. కొత్త సైకిల్ మీది మొదటి గీత కథ అంతా ఇదే. మచ్చ లేని ఫ్రేముకు గోటి పొడవు గీత పడితే రాత్రి నిద్ర పట్టదు. ఆరు నెలల తర్వాత అంతకు రెట్టింపు గీత కనబడితే ‘ఇదెప్పుడు పడిందబ్బా’ అనుకుని గుడ్డతో తుడిచి ఊరుకుంటారు. అందుకే మొదటి గీత పడ్డ రోజున బాధతో పాటు కొంత తేలికపడ్డామని చెప్పేవాళ్లూ ఉంటారు. అప్పటిదాకా గోడకు ఆనించాలన్నా, కంకర దారిలోకి తిప్పాలన్నా వెనకాడినవాళ్లు ఆ తర్వాతే సైకిల్‌ను సైకిల్‌లా వాడడం మొదలుపెడతారు.

సొంతంగా విడిభాగాలు సేకరించి బిగించుకున్నవారి బాధ ఇంకో రకం. తన చేత్తో చేసుకున్నదాన్ని మనిషి దాని అసలు విలువ కంటే ఎక్కువగా అంచనా వేస్తాడని పరిశోధకులు గుర్తించి, కొన్నవారే బిగించుకోవాల్సిన సామాను అమ్మే కంపెనీ పేరు మీద దానికి ‘ఐకియా ప్రభావం’ అని పేరు పెట్టారు. సైకిల్ బిగించేవారిని చూసినవారికి ఆ పేరుతో పనిలేదు.

అయితే గీత ఎంత పొడవుంది, ఎంత లోతుంది అన్నదాని కంటే అది ఎలా పడిందన్నదే బాధను నిర్ణయిస్తుందని గట్టిగా చెప్పవచ్చు. వానలో దిగుడు దారిలో జారిపడితే వచ్చిన గీతకు ఒక కథ ఉంటుంది. దాన్ని చూపిస్తూ మలుపు ఎంత వాలుగా ఉందో, ముందు బ్రేకు ఎక్కడ గట్టిగా పట్టామో చెప్పుకోవచ్చు. వరుసగా నిలబెట్టిన చోట పక్క సైకిల్ పెడల్ రాసుకుని పడ్డ గీతకు అలాంటిదేమీ లేదు. కారు వెనక కట్టి తీసుకెళ్లినప్పుడు పట్టీ ఒరిసినందుకో, అట్టపెట్టెలో పంపినప్పుడు ఫ్రేముకు ఏదో తగిలినందుకో పెచ్చు లేస్తే, నష్టం ఆవగింజంత ఉన్నా కోపం మాత్రం నెలల తరబడి నిలుస్తుంది. సైకిల్ తొక్కడం వల్ల కాకుండా తొక్కకుండా ఉన్నప్పుడు జరిగిన నష్టం కావడమే అందులోని మంట. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ పెడల్ కడ్డీల దగ్గర ఉంది. బూటు మడమ ఒరిసి ఒరిసి ఆ కడ్డీ (క్రాంకు) మీది నల్లరంగూ, కంపెనీ పేరూ అరిగిపోయి లోపలి అల్యూమినియం మెరుస్తుంది. చదరపు సెంటీమీటర్లలో కొలిస్తే సైకిల్ మొత్తంమీద పెద్ద నష్టం బహుశా అదే అవుతుంది, కానీ దాని గురించి ఎవరూ బెంగపెట్టుకోరు. రోజుకింత చొప్పున, తన కాలి కిందే, తాను వెళ్లిన దూరానికి కొలతగా జరిగినది కాబట్టి అది అరుగుదల అనిపించుకుంటుందే తప్ప దెబ్బ అనిపించుకోదు.

సిగ్గు సంగతి కూడా చెప్పుకోవాలి. బూటు అడుగున ఉండే క్లీటును పెడల్ కరిచిపట్టుకునే రకం పెడళ్లు కొత్తగా వాడేవారు, వేగంగా పోతున్నప్పుడు కాదు, ఆగిన చోట పడతారు. మడమను పక్కకు తిప్పితేనే కాలు ఊడుతుంది. ఆ సంగతి కంగారులో గుర్తురాదు. సైకిల్ ఆగుతుంది, ఒక క్షణం గాలిలో నిలబడినట్టు ఉండి, నరికిన చెట్టులా పక్కకు ఒరిగిపోతుంది. ఒంటికి తగిలేది మోచేతి దెబ్బ మాత్రమే. కానీ గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పడి తెచ్చుకున్న గీతను గొప్పగా చూపించే మనిషే, నిలబడి పడ్డప్పుడు వచ్చిన గీత ఎలా వచ్చిందని అడిగితే మాట మారుస్తాడు.

ఏ రకం సైకిల్ తొక్కుతున్నారన్నదాన్ని బట్టి కూడా మనోభావాలు మారతాయి. కొండదారుల్లో తొక్కేవారికి పడడం ఆటలో భాగమే. గొలుసు ఎగిరెగిరి కొట్టడం వల్ల వెనక చక్రం దాకా సాగే గొట్టం మీద పెయింటు ఎలాగూ నిలవదు, పెద్ద రాళ్లు కింది గొట్టాన్ని తాకకుండా పోవు. అక్కడ మచ్చలేని ఫ్రేము కొంత అనుమానాస్పదం. పట్టణాల్లో రోజూ సైకిల్ మీద పనికి వెళ్లేవారిలో కొందరు కావాలనే ఫ్రేముకు టేపు చుట్టి, స్టిక్కర్లు అంటించి, అందాన్ని చెడగొట్టి పెట్టుకుంటారు. దొంగ కంటికి ఆనకపోవడమే వారికి కావాల్సిన మెరుపు. రోడ్డు పందేల్లో పాల్గొనే ఔత్సాహికుల మధ్య, మళ్లీ కొనుక్కోలేని సైకిల్‌తో పందేనికి దిగవద్దన్న హితవు ఎప్పటి నుంచో తిరుగుతోంది. గుంపులో తన తప్పు లేకుండానే పడిపోయే అవకాశం ఉంటుంది కాబట్టి ఆ మాటలో బరువుంది. ఇక వృత్తి పోటీదారుడి సైకిల్ అతనిది కాదు, జట్టుది; పడితే వెనక వచ్చే కారు మీంచి మరొకటి దింపుతారు, పాతదాని వైపు తిరిగి చూడకుండానే అతను సాగిపోతాడు.

ఎప్పుడూ ఇలా లేదు. 1913లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో యూజీన్ క్రిస్టోఫ్ అనే పోటీదారుడు టూర్మలే అనే కొండ కనుమ దిగుతుండగా, ముందు చక్రాన్ని పట్టి ఉంచే అతని ఫోర్కు విరిగింది. బయటి సాయం తీసుకోరాదన్నది నాటి నియమం. అతను సైకిల్‌ను భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా కొండ దిగి, సాంత్-మరీ-ద-కాంపాన్ అనే ఊళ్లో కొలిమి వెతుక్కుని, నిర్వాహకులు చూస్తుండగా తన ఫోర్కును తానే అతుక్కున్నాడు. కొలిమి తిత్తులు ఒక కుర్రాడు ఊదినందుకు పది నిమిషాల శిక్ష వేసి, తర్వాత దాన్ని మూడు నిమిషాలకు తగ్గించారు. గంటలకు గంటలు పోయిన మనిషికి పది నిమిషాలైతేనేం, మూడైతేనేం? విరిగినదాన్ని బాగుచేసుకోవడం తప్ప గత్యంతరం లేని రోజుల్లో రౌతుకూ యంత్రానికీ మధ్య ఉన్న ముడి, నేడు వృత్తి పోటీల్లో తెగిపోయి, తన డబ్బుతో కొనుక్కుని తొక్కే మామూలు మనిషి దగ్గరే మిగిలి ఉంది.

ఇంతవరకూ చెప్పినది బాధ గురించి. బాధకూ ప్రమాదానికీ మధ్య పొంతన లేకపోవడం ఈ విషయంలో అన్నిటికంటే ఆలోచించదగిన అంశం. కన్ను ఆగే చోట చాలావరకు ప్రమాదం ఉండదు, ప్రమాదం ఉన్న చోట కన్ను ఆగదు. పక్కకు జారిపడిన సైకిల్‌ను నిశితంగా చూస్తే గీతలన్నీ దాదాపు ఒకే వరుసలో ఉంటాయి: బ్రేక్ లివర్ బయటి మూల, హ్యాండిల్ చివర, సీటు అంచు, పెడల్ చివర, కుడి పక్క పడితే వాటితో పాటు డెరైలర్ ముఖం. బయటికి పొడుచుకు వచ్చిన ఈ భాగాలే నేలను తాకి, మధ్యలో ఉన్న ఫ్రేమును చాలాసార్లు కాపాడతాయి. సీటు అంచు చిరిగి, హ్యాండిల్‌కు చుట్టిన టేపు ఊడి చూడ్డానికి ఘోరంగా ఉన్న సైకిల్ తొక్కడానికి పూర్తిగా పనికిరావచ్చు. అదే పడడంలో హ్యాండిల్ గిర్రున తిరిగి పై గొట్టానికి తగిలిందనుకుందాం. అక్కడ మిగిలేది కందిగింజంత పెచ్చు. ఫ్రేము ఉక్కుదైతే దాని అర్థం ఒకటి, కార్బన్‌దైతే మరొకటి.

ఉక్కు నిజాయితీగల లోహం. దెబ్బ తింటే వంగుతుంది, వంగినది కనబడుతుంది, నేర్పున్నవాడు దాన్ని మళ్లీ సరిచేయగలడు. పెయింటు లేచిన చోట తుప్పు పట్టకుండా కాస్త రంగు పూస్తే చాలు. గోళ్లరంగు కూడా ఆ పని చేస్తుంది. అల్యూమినియం గీతకు తుప్పు పట్టదు, గాలి తగలగానే పైన దానంతటదే ఒక పొర కట్టుకుంటుంది. కానీ ఉక్కుకు ఉన్నట్టు, ఇంతలోపు ఒత్తిడి ఎన్నిసార్లు పడినా ఏమీ కాదనే హద్దు దానికి లేదు. లోతైన గీత దగ్గరో, సొట్ట అంచునో మొదలైన పగులు తొక్కేకొద్దీ పాకుతుంది. వంగిన అల్యూమినియం హ్యాండిల్‌ను వంచి నిటారు చేసి వాడడం కంటే మూర్ఖత్వం లేదు. రంగు వేయని టైటానియం మీది గీతనైతే గరుకు పీచుతో రుద్ది మాయం చేయవచ్చు. దాని ఖరీదులో కొంత ఈ నిశ్చింతకే పోతుందనిపిస్తుంది.

కార్బన్ పరిస్థితి వేరు. పలుచని కార్బన్ పీచు పొరలను రెజిన్ అనే జిగురుతో అతికి చేసిన ఆ గొట్టం, తొక్కేటప్పుడు పడే బలాలను అద్భుతంగా తట్టుకునేలా తయారవుతుంది. పక్క నుంచి ఒకే బిందువు మీద పడే పోటును తట్టుకోవడం దాని పని కాదు. అలాంటి పోటుకు పైన పెయింటు కొద్దిగా చిట్లి, లోపల పొరలు ఒకదాని నుంచి ఒకటి విడిపోయి ఉండవచ్చు. నాణెంతో మెల్లగా తట్టుకుంటూ పోతే బాగున్న చోట టక్‌మని మోగి, పొరలు విడిన చోట శబ్దం మొద్దుబారుతుంది; బొటనవేలితో నొక్కితే ఆ చోటు కాస్త మెత్తగా లొంగవచ్చు. అయితే గొట్టం మందం మారే చోట్లా, అతుకుల దగ్గరా మంచి ఫ్రేము కూడా వేర్వేరుగా మోగుతుంది కాబట్టి చెవిని పూర్తిగా నమ్మలేం, సందేహం ఉంటే అల్ట్రాసౌండ్ పరీక్ష చేయగలవారి దగ్గరికి వెళ్లాల్సిందే. తెలియనివారికి ఆశ్చర్యం కలిగించే విషయమేమిటంటే, పాడైన కార్బన్ గొట్టాన్ని పొరలు తిరిగి పేర్చి గట్టిగా బాగుచేయవచ్చు. ఎదురుగా దేన్నో గుద్దుకున్నప్పుడు, ఫ్రేము లోహానిదైతే, చూడాల్సిన చోటు ఇంకొకటి ఉంది. హ్యాండిల్ దిగే నిలువు గొట్టం వెనక, కింది గొట్టం అడుగుభాగాన గోరు పెట్టి నెమ్మదిగా లాగితే పెయింటులో చిన్న అలలాంటి ముడత తగలవచ్చు. ఆ ముడత లోహం వంగిందనడానికి సాక్ష్యం. అందం కోసం పూసిన పెయింటు అలా ప్రమాదాన్ని ముందే చెప్పే పనికి కూడా వస్తుంది. పైన కనబడే గీతను పదిసార్లు చూసుకునేవారు, సైకిల్‌ను తలకిందులు చేస్తే తప్ప కనబడని ఈ చోటును ఒక్కసారీ చూడరు.

కుడి పక్క పడ్డప్పుడు డెరైలర్‌ను పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న ముక్క వంగుతుంది. ఫ్రేము బదులు తానే వంగిపోవాలనే దాన్ని మెత్తని లోహంతో చేస్తారు. ఒకప్పుడు ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారం ఉండేది, సరైనది వెతుక్కోవడమే ఒక ప్రహసనం. సైకిల్ విడిభాగాలు తయారుచేసే శ్రామ్ కంపెనీ 2019లో అన్నిటికీ సరిపోయేలా ఒకే నమూనాను ప్రవేశపెట్టాక ఆ బాధ కొంత తగ్గింది. అది వంగిన సంగతి గమనించకుండా అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం మీదికి గేరు మారిస్తే డెరైలర్ ఊచల్లో ఇరుక్కుంటుంది. మొదట పడినప్పుడు మిగిలిన చక్రం, ఊచలు, ఒక్కోసారి ఫ్రేము కూడా అప్పుడు పోతాయి. పడిన వెంటనే వెనక్కి వంగి చూసే ఆ మనిషిని మరీ వెక్కిరించలేకపోవడానికి ఇది ఒక కారణం.

దెబ్బ తగ్గినా నమ్మకం వెంటనే తిరిగి రాదు. పడిన తర్వాతి వారాల్లో సైకిల్ చేసే ప్రతి చప్పుడూ పగులు చప్పుడే అనిపిస్తుంది. పెడళ్ల ఇరుసు దగ్గర గ్రీజు ఎండిపోయి కిర్రుమన్నా, సీటు గొట్టం బిగింపు వదులై టిక్కుమన్నా గుండె ఝల్లుమంటుంది. ఆ చప్పుళ్లు అంతకు ముందు కూడా ఉండేవన్నది గుర్తుండదు. దిగుడు దారుల్లో చేతులు బిగుసుకుంటాయి, బిగిసిన చేతులతో సైకిల్ సరిగ్గా తిరగదు, తిరగకపోతే భయం ఇంకా పెరుగుతుంది. ఇలాంటప్పుడు ఫ్రేమును తెలిసినవారితో విప్పించి చూపించుకోవడం యంత్రానికి ఎంత అవసరమో మనిషికీ అంతే అవసరం. హెల్మెట్ విషయంలో మాత్రం చూపించుకోవడాల్లేవు. లోపలి తెల్లని ఫోము ఒక్కసారి నలిగి దెబ్బను మింగేలా చేసినది, నలిగాక తిరిగి లేవదు. పైన గీత కూడా లేని హెల్మెట్‌ను పారేయడానికి మనసొప్పక మళ్లీ పెట్టుకునేవారే, సీటు చిరిగిందని ఆ వారమే కొత్త సీటు కొంటారు.

గీతలు పడకుండా చూసుకునే మార్గమూ ఉంది. ఫ్రేము మీద అంటించే పారదర్శక పొరకు మూలం, హెలికాప్టర్ రెక్కల అంచులను ఇసుక రాపిడి నుంచి కాపాడడానికి వాడిన పాలీయూరెథేన్ టేపు. గొట్టానికి కేబుల్ రాసుకునే చోటా, గొలుసు కొట్టే చోటా దాన్ని అంటించడం మంచి పనే. సైకిల్ మొత్తానికీ తొడిగేవారి పరిస్థితి కొంత చిత్రంగా మారుతుంది: పొర అంచుల్లో దుమ్ము చేరి నల్లని గీతలు కడతాయి, అవి చెరిపినా పోవు.

అమ్మేటప్పుడు మళ్లీ లెక్కలు తిరగబడతాయి. 1990లో కానెమన్, ఆర్థికవేత్తలు జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ కలిసి కప్పులతో చేసిన ప్రయోగాల్లో, కప్పు చేతిలో ఉన్నవారు అడిగిన ధర, లేనివారు ఇస్తామన్న ధరకు దాదాపు రెట్టింపు ఉంది. అక్కడి కప్పులకు గీతలు లేవు, జ్ఞాపకాలూ లేవు. సైకిల్ అమ్మేవాడు గీతలను ‘పైపైనవే’ అంటాడు, కొనేవాడు ప్రతి గీత వెనకా ఒక ప్రమాదాన్ని ఊహిస్తాడు. సైకిల్‌ను గొలుసు ఉన్న కుడి పక్క నుంచే ఫోటో తీయడం అలవాటు కనుక, ఎడమ పక్క సంగతి తెలిసినవాడు ముందు దాన్నే చూపించమంటాడు.

పగిలి, బాగుచేయడానికి పనికిరాని ఫ్రేమును చెత్తలో పడేస్తే ఎవరో తీసుకుని రంగు వేసి మళ్లీ రోడ్డెక్కించే ప్రమాదం ఉంది. అందుకని దాన్ని రంపంతో కోసి పారేయమంటారు. ప్రమాదంలో పోయిన ఫ్రేముకు తగ్గింపు ధరకు కొత్తది ఇచ్చే తయారీదారుల్లో కొందరు పాతది కోసిన ఫోటో అడుగుతారు. రంపం తెచ్చుకుని కూర్చున్న యజమాని ఎక్కడ కోయాలో చాలాసేపు తేల్చుకోలేడు. చివరికి కోసేది తరచుగా పగులు ఉన్న చోటే, అక్కడైతే చేయి వణకదు. పేరు చెక్కిన నిలువు గొట్టం ముక్కను మాత్రం, దాని మీద కేబుల్ ఒరిసి పడ్డ గీతతో సహా, విడిగా తీసి అలమరలో పెడతాడు.